ఉగాండా పల్లెల్లో ఆపరేషన్ సేవ: దాతృత్వ సంస్థలకు అంచెలంచెల మార్గదర్శి

తూర్పు ఉగాండాలోనో మలావీలోనో ఉచిత ఆపరేషన్ల క్యాంపు పెట్టాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న అడిగే తెలుగువాళ్లు తక్కువేం కాదు. కంపాలా, నైరోబీ, దారెస్సలాంలలో వ్యాపారాలూ ఉద్యోగాలూ చేసుకుంటున్నవాళ్లున్నారు, విదేశాల్లో స్థిరపడిన సర్జన్లున్నారు, మన ఊళ్లలో రోటరీ క్లబ్బులూ ట్రస్టులూ ఉన్నాయి. వాళ్లందరికీ పనికొచ్చేలా ఉగాండాను ముందు పెట్టుకుని రాస్తున్నాను. చట్టాల పేర్లు వేరైనా, చుట్టుపక్కల దేశాల్లోనూ పని క్రమం ఇంచుమించు ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్క చూసి ఈ పనిని అంచనా వేయకండి. మీ బృందం విమానం ఎక్కాక ఆ వార్డులో ఏం జరుగుతోందో చూడండి. కింది అంచెలన్నీ ఆ దృష్టితోనే రాశాను.

సమస్య ఎక్కడుందో ముందు తెలుసుకోండి

ప్రపంచంలో సుమారు 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే ఖర్చులో శస్త్రచికిత్స అందడం లేదని 2015లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున పని చేసిన నిపుణుల బృందం) తేల్చింది. ఏటా మరో 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాల్సి ఉందని లెక్క కట్టింది. జిల్లా స్థాయి ఆస్పత్రి సత్తా తెలియాలంటే మూడు పనులు చూడమంది: సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చిన ఎముకకు చికిత్స. ఈ మూడూ జరిగే చోటికి మనిషి 2 గంటల్లో చేరగలగాలి. పల్లె ఆఫ్రికాలో చాలా చోట్ల ఇప్పటికీ అది కుదరడం లేదు.

దాతలు తప్పక చదవాల్సిన అధ్యయనం ఇంకొకటుంది. 2018లో వెలువడిన ఆఫ్రికన్ సర్జికల్ ఔట్‌కమ్స్ స్టడీలో 25 దేశాల్లో, 247 ఆస్పత్రుల్లో ఆపరేషనైన 11,422 మంది వివరాలున్నాయి. వాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లే, ఇతర జబ్బులు తక్కువున్నవాళ్లే. అయినా మరణాలు ప్రపంచ సగటుకు రెట్టింపు. చనిపోయినవాళ్లలో సుమారు 94 శాతం మంది ఆపరేషన్ రోజు గడిచాక చనిపోయారు. చాలావరకు కత్తి పట్టిన చేతిలో లోపం ఉండి కాకపోవచ్చు. రాత్రి పూట రక్తం కారుతోందని, శ్వాస మందగిస్తోందని, జ్వరం పెరుగుతోందని సమయానికి చూసే మనిషి లేక పోయిన ప్రాణాలు వీటిలో చాలా ఉండి ఉంటాయి. మీ డబ్బులో, మీ బృందంలో ఎక్కువ భాగం ఎటు వెళ్లాలో ఇక్కడే తెలిసిపోతుంది.

మొదటి అంచె: ఒక్క ఆస్పత్రిని పట్టుకోండి

ఏటా ఒక కొత్త జిల్లాకు వెళ్లాలన్న ఆలోచన మానుకోండి. ఒకే ఆస్పత్రిని ఎంచుకుని కనీసం మూడేళ్లు అక్కడే పని చేయండి.

ఉగాండాలో ఆరోగ్య కేంద్రాలకు అంచెలున్నాయి. హెల్త్ సెంటర్ 2, 3 చిన్నవి. హెల్త్ సెంటర్ 4లో ఆపరేషన్ థియేటర్ ఉండాలన్నది నియమం. ఆ పైన జిల్లా ఆస్పత్రులు, వాటి పైన రీజినల్ రిఫరల్ ఆస్పత్రులు. వీటితోపాటు క్యాథలిక్, ప్రొటెస్టెంట్ మెడికల్ బ్యూరోల కింద నడిచే మిషన్ ఆస్పత్రులు పల్లె ప్రాంతాల్లో గట్టిగా పని చేస్తున్నాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సాధారణ సేవలకు రుసుమును 2001లోనే తీసేశారు. మిషన్ ఆస్పత్రులు ఎంతో కొంత తీసుకుంటాయి. మీరు ఉచితంగా చేస్తే వాళ్ల రాబడి మీద ఆ వారం దెబ్బ పడుతుంది కాబట్టి ఆ లోటు ఎవరు పూడ్చాలో ముందే మాట్లాడుకోండి.

మొదటి ఉత్తరం ఆస్పత్రి సూపరింటెండెంటుకూ, జిల్లా హెల్త్ ఆఫీసరుకూ ఒకేసారి వెళ్లాలి. మేం ఫలానాది చేస్తాం అని రాయకండి. మీకు ఏ రోగులు ఎక్కువగా వెనక్కి వెళ్లిపోతున్నారు, ఎందుకు వెళ్లిపోతున్నారు అని అడగండి. జవాబు వచ్చాక ఇద్దరు మాత్రం, ఒక సర్జన్, ఒక మత్తు డాక్టర్, చూడ్డానికి వెళ్లండి. కత్తీ కత్తెరా వెంట తీసుకెళ్లకుండా వెళ్లడం మంచిది.

ఆ పర్యటనలో థియేటర్ రిజిస్టరు అడిగి పోయిన ఏడాది పేజీలు తిప్పండి. నెలకు ఎన్ని సిజేరియన్లు, ఎన్ని హెర్నియాలు, ఏ వారాల్లో పేజీలు ఖాళీగా ఉన్నాయి? ఖాళీ వారాల గురించి నర్సును అడగండి. మత్తు ఇచ్చే అనెస్థెటిక్ ఆఫీసర్ సెలవులో ఉన్నారనో, ఆక్సిజన్ లేదనో, జనరేటరుకు డీజిల్ లేదనో, ఆటోక్లేవ్ (ఆవిరితో సామాను శుద్ధి చేసే యంత్రం) గాస్కెట్ పోయిందనో చెప్తారు. మీ ప్రాజెక్టు ప్రణాళిక ఆ జవాబుల్లోనే ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి వార్డులోకి వెళ్లి ఎంతమంది రోగులకు ఎందరు నర్సులున్నారో మీ కళ్లతో చూడండి.

రెండో అంచె: ఏవి చేయాలి, ఏవి ముట్టుకోకూడదు

జిల్లా ఆస్పత్రిలో మొదటి ఏడాది చేయదగ్గవి: గజ్జల్లో హెర్నియా, వరిబీజం, పైకి కనిపించే చిన్న గడ్డలు, కాలిన మచ్చల వల్ల చర్మం బిగుసుకుపోయిన తేలికపాటి కేసులు. థైరాయిడ్ గడ్డలు, పెద్ద ఫైబ్రాయిడ్లు కూడా అడుగుతారు. నిజమైన బాధే అది. కానీ రక్తం నిల్వ, రాత్రి పర్యవేక్షణ, మళ్లీ థియేటరుకు తీసుకెళ్లగల మనిషి ఈ మూడూ లేనిచోట వాటిని మొదలుపెట్టవద్దు.

హెర్నియా గురించి కాస్త ఆగి చెప్పాలి. మగవాళ్లు పొలం పని, మూటలు మోసే పని మానేయాల్సి వచ్చేది దీనివల్లే. బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. బలహీనమైన చోట వల (మెష్) వేసి చేస్తే మళ్లీ రావడం తక్కువ, కానీ కంపెనీ వల ఖరీదు పల్లె ఆస్పత్రి మోయలేదు. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ దోమతెర గుడ్డతో ఈ ఆపరేషన్ చేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఆలోచన ఆఫ్రికా చేరింది. ఉగాండాలోని కములి జిల్లాలో 302 హెర్నియాల మీద జరిగిన పరీక్షలో దోమతెర గుడ్డనూ ఖరీదైన వలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. వాటి ధరల మధ్య తేడా వంద రెట్లకు పైనే. ఇది చదివి బజారులో దోమతెర కొని కత్తిరించేయకండి. పురుగుమందు పట్టించిన తెరలు పనికిరావు, కొన్ని రకాల దారం ఆటోక్లేవ్ వేడికి కరిగి ముడుచుకుపోతుంది. ఏ గుడ్డ, ఎంత ఉష్ణోగ్రత అన్నది పరీక్షించి, ఆస్పత్రి ఒప్పుకున్నాకే వాడాలి.

మీ చేతిలో లేని పనులకు పంపించే జాబితా తయారుగా ఉంచుకోండి. తలలో నీరు చేరిన పసిపిల్లలకు ఎంబాలేలోని క్యూర్ పిల్లల ఆస్పత్రి ఉంది. గ్రహణ మొర్రికి, వంకర కాళ్లకు, ఎముకల ఆపరేషన్లకు ఎంటెబ్బే దారిలోని కోర్సు (CoRSU) ఆస్పత్రి, ప్రసూతి ఫిస్టులాకు, అంటే కాన్పు కష్టమై లోపల రంధ్రం పడి మూత్రం ఆగకుండా కారే జబ్బుకు, మసాకా దగ్గర కిటోవు ఆస్పత్రి ఉన్నాయి. ఫిస్టులా విషయంలో మరీ జాగ్రత్త. మొదటిసారి చేసే ఆపరేషన్‌కే నయమయ్యే అవకాశం ఎక్కువ. అలవాటు లేని చేయి దాన్ని పాడు చేస్తే ఆ తల్లికి రెండో అవకాశం సన్నగిల్లిపోతుంది. ఆమెను శిక్షణ పొందిన సర్జన్ దగ్గరికి బండి ఖర్చు పెట్టి పంపితే మీరు చేయగలిగిన పెద్ద సాయం చేసినట్టే.

మూడో అంచె: కాగితాలూ, డబ్బూ

డాక్టర్లకు ఉగాండా మెడికల్ అండ్ డెంటల్ ప్రాక్టీషనర్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్, నర్సులకు నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్ అనుమతి కావాలి. డిగ్రీ, మీ మీద ఫిర్యాదులూ చర్యలూ లేవని మీ దేశపు కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ పత్రం అడుగుతారు. నెలల ముందే మొదలుపెట్టండి. మందులు తీసుకెళ్లాలంటే నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి ఉండాలి. నన్నడిగితే మందులు మోసుకెళ్లకండి. కంపాలాలోని జాయింట్ మెడికల్ స్టోర్ దగ్గర చాలావరకు దొరుకుతాయి. అక్కడ కొంటే ఆస్పత్రికి ఆ దారి అలవాటవుతుంది, వచ్చే ఏడాది మీరు లేకపోయినా వాళ్లే తెప్పించుకుంటారు.

భారత్‌లో రిజిస్టరైన ట్రస్టులు ఒక విషయం గమనించాలి. ట్రస్టు ఆదాయాన్ని దేశం వెలుపల ఖర్చు పెట్టి పన్ను మినహాయింపు పొందాలంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి ఉండాలి. ఆడిటరుతో కూర్చుని ఇది తేల్చుకున్నాకే విరాళాలు అడగండి.

ప్రయాణానికి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. పత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్ చేస్తారు. మలేరియా మాత్రలు, హెపటైటిస్ బీ టీకా సరేసరి. సూది గుచ్చుకుంటే 72 గంటలు దాటకుండా, వీలైతే వెంటనే, హెచ్‌ఐవీ నివారణ మందు మొదలుపెట్టాలి. ఆ మందు ఆస్పత్రిలో ఎక్కడుందో మొదటి రోజే అడగండి.

నాలుగో అంచె: సామాను

పేద దేశాల ఆస్పత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో సుమారు 40 శాతం పని చేయని స్థితిలో ఉన్నాయని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. వాటిలో దానంగా వచ్చినవీ ఉన్నాయి. కాబట్టి ఏదైనా ఇచ్చే ముందు ఆస్పత్రి బయోమెడికల్ టెక్నీషియన్‌ను అడగండి: ఇది చెడిపోతే ఇక్కడ బాగుచేయగలరా, విడిభాగం కంపాలాలో దొరుకుతుందా? లేదంటే ఆ పరికరం వద్దు. మన దగ్గరి గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు. అక్కడ బ్రిటిష్ తరహా చదరపు మూడు పిన్నులవి. చిన్న విషయమే, కానీ వదులుగా ఉన్న అడాప్టర్ మీద ఆక్సిజన్ మిషన్ నడపడం ప్రాణంతో చెలగాటం. ప్లగ్గులు మార్పించే తీసుకెళ్లండి.

ఆటోక్లేవ్ దగ్గర ఒక పూట కూర్చోండి. సామాను గుడ్డలో చుట్టి, డ్రమ్ములో పెట్టి, 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచుతారు. ఆవిరి వదిలేశాక ఆరనివ్వకుండా తీస్తే గుడ్డ తడిగా ఉంటుంది. ఆ తడి గుండా బయటి క్రిములు లోపలికి పోతాయి, చేసిన పనంతా వృథా. పైన అతికించిన టేపు మీద నల్ల గీతలు వచ్చాయి కాబట్టి శుద్ధి అయిపోయిందనుకుంటారు చాలామంది. ఆ గీతలు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే. లోపల మధ్యలో ఇంకో సూచిక పెట్టాలి. క్యాంపు వారంలో రోజుకు పది పన్నెండు కేసులు పెడితే పాత ఆటోక్లేవ్ తట్టుకోదు, తొందరలో తడి ప్యాకెట్లే బల్ల మీదికి వస్తాయి. అందుకే రోజుకు ఎన్ని ఆపరేషన్లు చేయాలో మీ సర్జన్ల ఓపికను బట్టి కాకుండా ఆటోక్లేవ్ ఎన్ని ట్రిప్పులు వేయగలదో చూసి నిర్ణయించండి.

ఆక్సిజన్‌కు కాన్సెంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్) మంచిదే, కరెంటు ఉన్నంతసేపు. స్టెబిలైజర్, జనరేటర్ డీజిల్, పక్కనే నిండు సిలిండర్, దానికి సరిపోయే రెగ్యులేటర్, సిలిండర్ తిప్పే స్పానర్ ఇవన్నీ ఉంటేనే ఆక్సిజన్ ఉన్నట్టు. ప్రతి ఉదయం ఎవరో ఒకరు సిలిండర్ తెరిచి ముల్లు చూడాలి.

ఐదో అంచె: మత్తు

దాతలకు ఇక్కడ డబ్బు పెట్టాలని ముందుగా తట్టదు, సర్జన్ పేరే బ్యానర్ మీద ఉంటుంది కాబట్టి. కానీ ఉగాండా పల్లెల్లో మత్తు ఇచ్చేది ఎక్కువగా అనెస్థెటిక్ ఆఫీసర్లు, అంటే డిప్లొమా చదివినవాళ్లు. చాలా ఆస్పత్రుల్లో ఒక్కరే ఉంటారు. మీ క్యాంపు వారంలో ఆయన్ను మీ బల్ల దగ్గరే నిలబెట్టేస్తే అర్ధరాత్రి సిజేరియన్‌కు వచ్చిన తల్లి పరిస్థితి ఏమిటి? కాబట్టి ఒక బల్ల, ఒక మత్తు ఇచ్చే మనిషి అత్యవసరాలకు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా వేళలు కట్టండి. మీరు వచ్చినందువల్ల ఒక్క సిజేరియన్ కూడా ఆగకూడదు.

హెర్నియాలు చాలావరకు లోకల్ మత్తుతో చేయొచ్చు. కములి పరీక్షలోనూ అలాగే చేశారు. వరిబీజానికి లోకల్ గానీ వెన్నులో ఇంజెక్షన్ గానీ సరిపోతుంది. ప్రతి బల్లకూ, రికవరీలో ప్రతి మంచానికీ ఒక పల్స్ ఆక్సిమీటర్ ఉండాలి. 2011లో మొదలైన లైఫ్‌బాక్స్ సంస్థ ఇలాంటి చోట్ల తట్టుకునే ఆక్సిమీటర్లను శిక్షణతో సహా అందిస్తోంది. ముదురు రంగు చర్మం మీద కొన్ని ఆక్సిమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి అంకె బాగుంది కదా అని ధీమా పడకుండా రోగి శ్వాసను కళ్లతో చూడాలి.

ఆరో అంచె: రోగులను పిలవడం

వానాకాలాలు మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు. ఆ నెలల్లో మట్టి రోడ్లు తెగిపోతాయి, రైతులు పొలాల్లో ఉంటారు. జనవరి, ఫిబ్రవరి లేదా జూన్ నుంచి ఆగస్టు మంచిది. కబురు స్థానిక భాషలో రేడియో ద్వారా వెళ్లాలి, ఊళ్లలో విలేజ్ హెల్త్ టీమ్ సభ్యుల నోటి ద్వారా వెళ్లాలి. "విదేశీ డాక్టర్లు వస్తున్నారు" అని చాటించకండి. ఇంతకాలం చూసిన అక్కడి డాక్టరు మీద నమ్మకం పోగొట్టే మాట అది. ఫలానా ఆస్పత్రిలో ఫలానా ఆపరేషన్లు చేస్తున్నారు అంటే చాలు.

స్క్రీనింగ్ రెండు వారాల ముందే స్థానిక డాక్టర్లు చేయాలి. హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, మలేరియా చూడాలి. తూర్పు, ఉత్తర జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) పరీక్ష కూడా. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పని చేసినవాళ్లకు సికిల్ సెల్ రోగికి మత్తులో ఆక్సిజన్ తగ్గితే ప్రాణం మీదికి వస్తుందని చెప్పక్కర్లేదు. ఎంపిక కానివాళ్లతో ఎవరో ఒకరు కూర్చుని కారణం చెప్పాలి, ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసివ్వాలి. పొద్దున్నే నడిచి వచ్చి వరసలో నిలబడ్డ మనిషిని ఉత్త చేతులతో పంపేయకూడదు.

ఆపరేషన్ ఉచితమైనా రోగికి ఖర్చు తప్పదు. బోడా బోడా మోటారు సైకిలు కిరాయి, వెంట వచ్చిన మనిషి కూలి, తిండి. అక్కడ వార్డులో రోగికి వండి పెట్టేది, ఒళ్లు తుడిచేది ఇంటివాళ్లే. ఇద్దరికీ రాకపోకల ఛార్జీలు, పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), చిక్కుళ్ల భోజనం మీ బడ్జెట్లో పెట్టండి. ఫొటో అయితే రోగి భాషలో అడిగి, ఒప్పుకుంటేనే. ఆపరేషన్‌కు ముందు అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. డిశ్చార్జి రోజున అడగండి.

ఏడో అంచె: ఆపరేషన్ల వారం

ప్రతి బల్ల దగ్గర ప్రధాన సర్జన్ స్థానంలో అక్కడి మెడికల్ ఆఫీసర్ నిలబడాలి, మీవాళ్లు ఎదురుగా సాయం పట్టాలి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్ట్ మూడుసార్లు, మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి గది దాటే ముందు, గట్టిగా చదవండి. టాంజానియాలోని ఇఫకారాతో సహా ఎనిమిది నగరాల్లో దీన్ని పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఖర్చు ఒక కాగితం.

చివరి రెండు రోజులు కొత్త కేసులు పెట్టకండి. ఆఖరి రోజు సాయంత్రం దాకా కోసి, తెల్లారి విమానం ఎక్కే క్యాంపులను నేను ఏ రూపంలోనూ సమర్థించలేను. రాత్రి డ్యూటీకి అదనపు నర్సులకు మీ బడ్జెట్ నుంచి, ఆస్పత్రి ద్వారానే, భత్యం ఇవ్వండి. ప్రతి మంచానికి ఒక చార్టు, గంటకోసారి నాడి, బీపీ, శ్వాస. ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేయాలో అదే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఎనిమిదో అంచె: 30 రోజులు

మీ బృందంలో ఒక సర్జన్ అయినా రెండు వారాలు ఆగగలిగితే చాలా మంచిది. అది కుదరకపోతే ఆస్పత్రి డాక్టరుతో ముందే లిఖితంగా ఒప్పందం ఉండాలి: చీము పడితే, రక్తం గడ్డకట్టి వాస్తే, మళ్లీ తెరవాల్సి వస్తే చేసేది ఆయన, ఖర్చు మీది. జ్వరం వస్తే కుట్లతోపాటు మలేరియా పరీక్ష కూడా చూడమనండి. 3, 10, 30వ రోజుల్లో ఫోన్. ఫోన్ లేనివాళ్ల దగ్గరికి విలేజ్ హెల్త్ టీమ్ సభ్యుడు సైకిలు మీద వెళ్తాడు, ఆయనకు ఛార్జీలివ్వండి. ఎంతమంది దొరకలేదో కూడా నివేదికలో రాయండి. ఆచూకీ తెలియనివాళ్లను బాగున్నవాళ్ల ఖాతాలో వేయడం దాతలను మోసం చేయడమే.

తొమ్మిదో అంచె: నేర్పడం, చేతికివ్వడం

మొజాంబిక్ 1984 నుంచి డాక్టర్లు కానివారికి మూడేళ్ల శిక్షణ ఇచ్చి సర్జరీ టెక్నీషియన్లుగా జిల్లా ఆస్పత్రులకు పంపుతోంది. సియెర్రా లియోన్‌లో క్యాపాకేర్ అనే సంస్థ 2011 నుంచి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు సిజేరియన్లు, హెర్నియాలు నేర్పుతోంది. అక్కడ వాళ్లు చేసిన హెర్నియా ఆపరేషన్లను డాక్టర్లు చేసినవాటితో పోల్చి చూస్తే ఏమాత్రం తీసిపోలేదు. ఉగాండాలో ఈ బాధ్యత మెడికల్ ఆఫీసర్లది. ఆసక్తి ఉన్న ఒక యువ డాక్టరును గుర్తించి, తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల సర్జన్ల కళాశాల అయిన కొసెక్సా శిక్షణలో చేరేందుకు ఫీజు భరించడం, ఒక అనెస్థెటిక్ ఆఫీసర్ చదువుకు డబ్బు కట్టడం, ఈ రెండిటికీ కలిపి ఒక పెద్ద క్యాంపు విమాన టిక్కెట్ల ఖర్చు సరిపోవచ్చు. నాకు ఎంచుకునే అవకాశమిస్తే రెండోసారి ఆలోచించను.

మొదటి ఏడాది చివర ఆ థియేటర్ రిజిస్టరు మళ్లీ తెరవండి. మీరు లేని నెలల పేజీలు చూడండి. హెర్నియాలు మీ క్యాంపు వారంలోనే కనబడి మిగతా నెలల్లో లేకపోతే రెండో ఏడాది క్యాంపు ఆపి, ఆ డబ్బుతో అడ్డు ఎక్కడుందో వెతకండి. ఖాళీ పేజీలు తగ్గుతుంటే బృందాన్ని చిన్నది చేయండి. మూడో ఏడాది ఒప్పందంలో విమాన టిక్కెట్ల పద్దు తగ్గించి ఆటోక్లేవ్ గాస్కెట్లు, కాన్సెంట్రేటర్ ఫిల్టర్లు, జనరేటర్ డీజిల్, రాత్రి నర్సు భత్యం, రోగుల బోడా బోడా కిరాయి అనే ఐదు పద్దులు రాయండి. వాటి మీద సంతకం ఆస్పత్రి సూపరింటెండెంటుదే ఉండాలి.